మంచం కింద బుట్ట

“ఆ ఎండుచేపల బుట్ట మంచం కింద పెట్టన్నయ్యా. ఫ్యాన్ వేస్తే గదంతా కంపు కొట్టాలి,” అంది సుధామణి.

విజయవాడలో అది ఆమె మొదటి కళాప్రదర్శన, చిన్నప్పటి ఇంటిలా అమర్చిన గది. పేరు ‘మా ఇల్లు’. గోడల మీద సముద్రం వీడియో, పైనుంచి వేలాడే వలలు, స్పీకర్లో ఆమె గొంతు. కాసేపట్లో జనం వస్తారు.

బంగార్రాజు బుట్ట దించలేదు. “మనింట్లో మంచం కింద చేపలెప్పుడున్నాయే?”

“ఎందుకు లేవు? కంపు కొడతానని క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.”

“చేపలోళ్ళ పిల్లవని వాళ్ళన్నారు. నీ ముక్కేమైంది? నీ బట్టలకి వాసన పడుతుందని అమ్మ బుట్టని గుమ్మం దాటనిచ్చేదా? వానొచ్చినా దానికి కాపలాగా అరుగు మీదే పడుకునేది కదే!”

సుధామణి కళ్ళు మూసుకుని ఆ ఇంటిని తలుచుకుంది. సాంబ్రాణి వాసన తప్ప మరేదీ గుర్తుకు రాలేదు.

అప్పుడే వాళ్ళమ్మ గంగారత్నం కొత్త చీర కట్టుకుని వచ్చింది. చెప్పులు బయటే విడిచి లోపల అడుగుపెట్టింది.

“లోపలికి రాగానే కంపు. పుస్తకాలకీ, దుప్పటికీ అదే కంపు,” అంటోంది స్పీకరు.

గంగారత్నం శ్రద్ధగా వింది. “నీ గొంతే కదే! పాపం, ఎవరింటి గురించే చెబుతున్నావు?”

సుధామణి స్పీకరు వైరు లాగేసింది.

“నాతో చదివినవాళ్ళు అనుకున్న ఇల్లమ్మా,” అంది, తలెత్తలేక.