నేర్పిన జవాబు

ఇన్‌స్పెక్షన్ అంటే కనకరత్నానికి ముద్ద దిగదు.

తాడేపల్లిగూడెం శివార్లలోని ఆ పిల్లల హోమ్‌కి ఆమే సూపరింటెండెంటు. కిందటిసారి వచ్చిన ఆఫీసరు శ్రీదుర్గ, ఊహ తెలియని వయసులో రైల్వే స్టేషన్లో తప్పిపోయి దొరికిన పింకీతో గది తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ, "పిల్లలు బెంగగా ఉన్నారండీ. మళ్ళీ వస్తాను" అంది.

మళ్ళీ అదే మాట పడితే హోమ్ మూసేస్తారు. పిల్లలు తలో ఊరికీ చెదిరిపోతారు. కనకరత్నానికి మాత్రం వాళ్ళు తప్ప ఎవరున్నారు?

అందుకే పాఠాలు పక్కన పెట్టి జవాబులు నేర్పింది. ఎవరు అడిగినా నవ్వాలి. బెంగ లేదనాలి. ఇంటికి వెళ్తావా అంటే వెళ్ళననాలి. పింకీ చేత మరీ మరీ చెప్పించింది.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే, ఏలూరులో ఇలాంటి హోమే నడిపే ఆండాళ్ళు ఫోన్ చేసింది. ఈసారి ఆఫీసర్ల కంటే ముందు మామూలు మనిషిలా ఒకరిని పంపిస్తున్నారట, జాగ్రత్త అని హెచ్చరించింది.

ఫోన్ పెట్టేసరికి గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలిగిన చీర, చేతిలో గుడ్డసంచి. గణపవరం బస్సు దిగి వచ్చానని, పిల్లల్ని ఒకసారి చూసి వెళ్తానని అంది. పేరు అడిగితే తడబడింది.

దొరికిపోయావులే అనుకుంది కనకరత్నం.

కుర్చీ వేయించి కాఫీ ఇప్పించింది. ఆమె కాఫీ ముట్టలేదు. ఆడుకుంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ, పింకీ దగ్గర ఆగిపోయింది.

"ఆ పాపతో మాట్లాడొచ్చాండీ?"

కాదంటే ఇంకేమైనా ఉందా? పింకీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ అమ్మ గుర్తొస్తుందామ్మా?" అని అడిగిందామె.

పింకీ కనకరత్నం వైపు చూసింది. కానీయమన్నట్టు కనకరత్నం కళ్ళతోనే సైగ చేసింది.

"లేదండీ. ఇదే మా ఇల్లండీ." నవ్వింది కూడా.

"అమ్మ వచ్చి పిలిస్తే వెళ్తావా?"

"వెళ్ళనండీ. నాకిక్కడే బాగుందండీ."

ఆమె పింకీ తల నిమిరి, చెంగుతో కళ్ళు వత్తుకుంది. వచ్చినావిడకే కన్నీళ్ళు తెప్పించిందని కనకరత్నం మురిసిపోయింది.

"సుఖంగా ఉంది కదండీ, అంతే చాలు. నేనొచ్చానని ఎవరికీ చెప్పకండి" అని ఆమె గబగబా వెళ్ళిపోయింది.

"సరిగ్గా చెప్పానా మేడమ్?" అంది పింకీ. కనకరత్నం దాన్ని దగ్గరికి తీసుకుంది.

కాసేపటికి జీపు ఆగింది. శ్రీదుర్గకి కనకరత్నం ధీమాగా ఎదురెళ్ళింది. మీరు పంపినావిడ అన్నీ చూసుకుని తృప్తిగా వెళ్ళారండీ అంటూ, ఆవిడ ప్రశ్నలూ పింకీ జవాబులూ అన్నీ పూసగుచ్చినట్టు వినిపించింది.

శ్రీదుర్గ ఎక్కబోతున్న మెట్టు మీదే ఆగిపోయింది.

"మేమెవర్నీ పంపలేదండీ. కిందటిసారి ఈ పిల్ల అమ్మ కావాలని ఏడిస్తే, కొల్లేరు లంకలన్నీ తిరిగి వెతికి పట్టుకున్నాం. నేను వచ్చేదాకా ఇక్కడికి రావద్దని, ఎవరికీ చెప్పొద్దని ఆవిడతో అన్నాను. పాపం, ఆగలేకపోయినట్టుంది." శ్రీదుర్గ గేటు వైపు చూసింది. "ఆవిడ పింకీ కన్నతల్లండీ."