కుండీలో వేరు

“కుండీలో మొక్క కుండీలోనే ఉంటుంది. నేలలో నాటితే ఊరుకునేది లేదు,” అంది అత్తగారు, కుండీని రెండు చేతులా దగ్గరికి లాక్కుంటూ.

“ఊరుకోక ఏం చేస్తారు అత్తయ్యా, కుండీలో ఎక్కి కూర్చుంటారా?” అంది కోడలు. ఆమె చేతిలో చిన్న పార ఉంది.

పెరటి గుమ్మంలో పొద్దున్నే మొదలైన ఈ యుద్ధానికి కారణం ఎనిమిది కుండీలు. ఇంటికి ఉత్తరపు గోడ వార ఎండ పొడ సోకదు. అక్కడ పూలమొక్కలు బతకవు. ఆకుల అందంతోనే నెట్టుకొచ్చే నీడ మొక్కలు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి. అంచులకు వెన్న రాసినట్టుండే వెడల్పాకుల హోస్టాలు, దువ్వెన పళ్ళలాంటి ఫెర్న్‌లు. ముప్ఫై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన అత్తగారు, పుస్తకాలకు అట్టలేసినంత శ్రద్ధగా పెంచినవి అవన్నీ.

“చూడండి, వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి అడుగు కంతలోంచి బయటికి తొంగిచూస్తున్నాయి. నేలలో అయితే హాయిగా పాకుతాయి. పూటపూటా నీళ్ళు పోసే బాధా ఉండదు.”

“నేలలో పక్కింటివాళ్ళ చెట్టు వేళ్ళున్నాయి. దీనికి పోసిన నీళ్ళు అది తాగుతుంది. మిగిలిన ఆకుల్ని నత్తలు జల్లెడ చేస్తాయి. కుండీలో అయితే దాని మట్టి దానిది, దాని నీళ్ళు దానివి.”

“పదిమందిలో కలిసి బతకడం మొక్కయినా అలవాటు చేసుకోవాలి కదా అత్తయ్యా!”

“అలవాటు లేక కాదమ్మాయ్,” అంది అత్తగారు.

కళ్ళద్దాల దుకాణానికి బయల్దేరబోతున్న కొడుకు తల బయటికి పెట్టాడు. “మొక్క సంగతి తర్వాత. ముందు నాకు టీ ఎవరిస్తారు?”

“చేతుల్లేవా?” అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి. ఆ పూటకి వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పినప్పటినుంచీ అత్తగారు రోజూ సాయంత్రం నడకకి వెళ్తోంది. ఆ రోజు కాస్త తొందరగా తిరిగొచ్చింది. వంటింటి కిటికీ పక్కగా వస్తుంటే లోపలి మాటలు చెవిన పడ్డాయి.

“ఇంక లాభం లేదు, వేరు చేసేద్దాం,” అంటోంది కోడలు. “ఒక్కచోటే ఇరుక్కుపోయి ఎదుగూ బొదుగూ లేకుండా పోతోంది.”

“అమ్మ బాధపడుతుందే. ఎంత అపురూపంగా పెంచుకుంది!” అన్నాడు కొడుకు.

“పెంచారు, కాదన్నానా? ముందు చెప్తే ఒప్పుకోరు. వచ్చే ఆదివారం ఆవిడ నడకకి వెళ్ళాక పని కానిచ్చేద్దాం.”

మెట్టు మీద పెట్టిన కాలు అక్కడే ఆగిపోయింది. పదకొండుమందున్న ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన మనిషి ఆమె. తన అత్తగారు బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాతా ఆ కుటుంబానికి ఒకటే పొయ్యి. వేరు అన్న మాట ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి, ఈసారి గేటు కిర్రుమనేలా తెరిచి, దగ్గుతూ లోపలికి వచ్చింది.

ఆ వారమంతా ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. అన్నం దగ్గర పరధ్యానం. రెండుసార్లు పిలిస్తేగాని పలకడం లేదు. మంగళవారం అటక మీది గిన్నెలన్నీ దింపించి, తుడిచి, రెండు గుట్టలు పోసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

“ఏంటత్తయ్యా, పంపకాలా?” అని నవ్వింది కోడలు.

“దుమ్ము దులుపుతున్నాను.”

సాయంత్రం నడక గంట నుంచి రెండు గంటలైంది. గురువారం వస్తూ వస్తూ మూతున్న చిన్న గిన్నె ఒకటి కొనుక్కొచ్చింది.

“ఇంత గిన్నెలో ఎవరికి వండుతారు, పిచ్చుకకా?”

“పాలు కాయడానికి,” అంది అత్తగారు, మొహం తిప్పుకుని.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు నడకకి తీసుకెళ్ళే చేతిసంచిని ఒళ్ళోనే పెట్టుకుంది. రెండు ముద్దలు తిని గొంతు సవరించుకుంది.

“మీరు వేరుపడాలనుకుంటున్నారని నాకు తెలుసు. కిటికీలోంచి విన్నాను. నాకేమీ కోపం లేదు. నాకోసం ఆగొద్దు. సామాను కూడా రెండు వాటాలు చేసి పెట్టాను.”

కోడలి చేతిలోని గరిటె గిన్నెలోకి జారింది. మొగుడూ పెళ్ళాలు మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత ఒకరిని మించి ఒకరు నవ్వారు.

“అయ్యో అత్తయ్యా! వేరు చేద్దామన్నది హోస్టా పిలకల్ని! విడదీసి నేలలో నాటేద్దామని... మీకు తెలిస్తే సాగనివ్వరని దొంగచాటుగా...”

కొడుకు కళ్ళు తుడుచుకుంటూ తల్లి వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“వారం నుంచీ ఇదా నీ బెంగ? పిచ్చి అమ్మా! నిన్నొదిలి మేమెక్కడికి పోతాం?”

కోడలి కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. “ఆ మొక్కలు కూడా కుండీల్లోనే ఉంటాయి, అత్తయ్యా. ఒక్కటీ కదపను. మీ మాటే నెగ్గింది, సరేనా?”

“ఇక తీర్మానం విను,” అన్నాడు కొడుకు, బల్ల మీద చరిచి. “ఈ ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు.”

ఆమె కంచం పక్కకి జరిపింది. ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకుంది.

“నా కొత్త అద్దె గది తాళంచెవి తెచ్చేసుకున్నానురా,” అంది.