మూత దగ్గర మనిషి

"లోపలున్నవాడు పలక్కపోతే, మూత దగ్గర మనిషి దిగకూడదా సార్?" ముందు బెంచీలోని ఆవిడ మళ్లీ అడిగింది.

ఇది నాలుగోసారి. మాస్టారికి తల తిరిగిపోయింది. ట్యాంకుల్లోకి దిగి కడిగే కార్మికులకు జాగ్రత్తలు నేర్పడం ఆయన ఉద్యోగం. ఈ ఫ్యాక్టరీకి రావడం మాత్రం ఇదే మొదలు. పొద్దుటి నుంచి చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాడు. ఒకడు లోపలికి దిగితే, ఇంకొకడు మూత దగ్గర నిలబడి నిమిషానికోసారి "ఉన్నావా?" అని కేకెయ్యాలి. లోపలివాడు "ఉన్నా" అనాలి. అనకపోతే సైరన్ నొక్కి, గాలి సిలిండర్లు తగిలించుకున్నవాళ్లు వచ్చేదాకా బయటే ఆగాలి.

అందరికీ అర్థమైంది, ఈవిడకు తప్ప. పోనీ చెవిటివాడి ముందు శంఖమా అంటే, చెప్పినదంతా పొల్లుపోకుండా అప్పజెబుతోంది. జాబితాలో చూస్తే ఆమె పేరే లేదు. పైగా అడిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఆఖరి బెంచీ వైపు చూస్తోంది. అక్కడ గడ్డం మాసినతను ఒకడు తల వంచుకుని కూర్చున్నాడు. వింటున్నాడో నిద్రపోతున్నాడో తెలియదు. మొగుణ్ణి ట్యాంకులోకి పంపడానికి భయపడి వెంట వచ్చిందేమో అనుకున్నాడు మాస్టారు.

"దిగకూడదమ్మా," అన్నాడు ఓపిక తెచ్చుకుని. "లోపల గాలి విషం. ఒకటితో పోయేది రెండు ప్రాణాలు పోతాయి."

"లోపలున్నది సొంత అన్నయినా?"

"అన్నయినా, కన్నతండ్రయినా."

"దిగనివాడు పిరికివాడు కాదా?"

"కాదు. చెయ్యాల్సింది చేసినవాడు."

"ఆ మాట కాస్త గట్టిగా చెప్పండి సార్. వెనక్కి వినబడాలి."

మాస్టారు తికమకపడుతూనే గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఆఖరి బెంచీలో అతను మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడవసాగాడు. ఆవిడ లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఉన్నావా?" అంది మెల్లగా.

అతను మొహం మీంచి చేతులు తీశాడు. "ఉన్నా."

మూడు నెలల తర్వాత నోరు విప్పాడని పక్కవాళ్లు గుసగుసలాడుకున్నారు. మాస్టారికి జాలేసింది. మీ ఆయన్ని ఇక ట్యాంకుల పనికి పంపకండమ్మా అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇతను మా మరిది సార్. ఆ రోజు లోపల్నుంచి పలకనిది మా ఆయన."