మళ్ళీగారు

మళ్ళీ అదే మెయిలు.

"చొక్కాకి చంక వంపు ఎలా గీయాలండీ?"

"వదినా, వచ్చేశాడు నీ మళ్ళీగారు!" అంది పక్క మిషను మీద ఉన్న ఆడపడుచు.

ఆ పేరు పెట్టింది ఆ పిల్లే. నెల రోజులుగా రోజూ పొద్దున్నే అదే మనిషి, అదే ప్రశ్న, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

టైలరమ్మ పళ్ళ బిగువున జవాబు టైపు చేసింది. విసుక్కోవడానికి లేదు. ఆ వంపు గీసే కంప్యూటర్ ప్రోగ్రాం బాధ్యత ఇప్పుడు తనదే మరి!

వాళ్ళది చిన్న కుట్టు గది. నాలుగు మిషన్లు, ఒక పాత కంప్యూటర్. వెన్ను వంగినవాళ్ళకీ, ఒక భుజం కిందికి జారినవాళ్ళకీ అతికినట్టు చొక్కాలు కుట్టడం వాళ్ళ పని. అలాంటి ఒంటి కొలతలిస్తే నమూనా గీసిచ్చే ప్రోగ్రాం వాళ్ళెరిగినంతలో ఒక్కటే ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టంలో అది కూడా ఒక ప్యాకేజీ. ఆ సిస్టంలో ఒక్కో ప్యాకేజీనీ ఒక్కో వలంటీరు కనిపెట్టుకుని ఉంటాడు. వాళ్ళని మెయింటెయినర్లంటారు.

ఈ ప్యాకేజీకి మాత్రం దిక్కు లేకుండా పోయింది. చూసుకునేవాళ్ళు దొరక్కపోతే కొత్త విడుదలలో తీసేస్తామని నోటీసు పెట్టారు.

"నేను చూసుకుంటాను," అని రాసేసింది టైలరమ్మ.

రాయడానికేం, రాసింది. పని నేర్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కొత్తవాళ్ళ పని పరీక్షించడానికి ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన సరేనంటేనే ప్యాకేజీ లోపలికి వెళ్తుంది. మొహం ఎరగని ఆ మనిషికి ఆమె పెట్టుకున్న పేరు కత్తెర.

"ఈ మార్పు ఎందుకు చేశారో రాయలేదు. తిప్పి పంపుతున్నాను," అన్నాడు కత్తెర మొదటిసారి.

"ప్రోగ్రాం రాసినవారి పేరు వేయలేదు," అన్నాడు రెండోసారి.

"ఫైళ్ళన్నిటిలోనూ 'సూదిదారం' అనే మారుపేరే ఉందండీ. అసలు పేరు లేదు."

"అదే వేయండి. ఎవరి కష్టం వాళ్ళ పేరు మీదే ఉండాలి."

మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నిసార్లూ గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది ప్యాకేజీ.

"జీతమా, బత్తెమా! పైగా ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత మాట పడటం ఒకటి!" అంది అత్తగారు గుండీలు కుడుతూ.

"ఇది పోతే మన గది మూతపడుతుంది అత్తయ్యా."

అత్తగారు సూది ఆపింది. "అయితే పడు. ఇంకో నాలుగు పడు," అంది.

గడువు ఇంక రెండు రోజులే. ఒకే ఒక్క తప్పు మిగిలింది. పాత సిస్టంలో బాగానే వచ్చే చంక వంపు కొత్తదాంట్లో వంకర పోతోంది. కాయితం కత్తిరిస్తే అంచులు కలవడం లేదు.

"అంచులు కలవందే నేను ఒప్పుకోలేను," అన్నాడు కత్తెర.

సరిగ్గా అప్పుడే మళ్ళీగారు!

టైలరమ్మ అలవాటుగా జవాబు పంపింది. ముందు వంపు, తర్వాత భుజం.

ఆ రోజు మాత్రం ఆయన ఎదురు రాశాడు. "అలా కాదేమోనండీ."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది రాసినాయన కంటే మీకు ఎక్కువ తెలుసా? పనిలో ఉన్నాను, విసిగించకండి."

పావుగంటకి జవాబొచ్చింది. "తప్పయింది తల్లీ. ఎందుకో చేతికి అలా తోచింది. కిందికున్న భుజం ముందు. తర్వాతే వంపు."

టైలరమ్మ మెయిలు మూసేయబోయి ఆగింది. మళ్ళీ చదివింది.

ప్రోగ్రాం తెరిచి చూసింది. నిజమే! కొత్త సిస్టంలో భుజం లెక్క తేలకముందే వంపు గీసేస్తోంది. రెండు వరుసలు అటూ ఇటూ మార్చింది. అచ్చు తీసింది. అత్తగారు కత్తిరించింది. ఆడపడుచు అంచులు పట్టుకుంది.

కలిశాయి. వెంట్రుకవాసి తేడా లేదు!

ఏడోసారి పంపేటప్పుడు, మార్పు ఎందుకో రాసే చోట ఇలా రాసింది: "కిందికున్న భుజం ముందు. చెప్పినవారు, రోజూ ప్రశ్న అడిగే ఒక పెద్దాయన." ఆయనకి నెల రోజులుగా చెప్పిన జవాబులన్నీ గుదిగుచ్చి ఒక సహాయం పేజీ కూడా చేర్చింది.

సాయంత్రానికి కత్తెర మెయిలు.

"తీసుకున్నాం. మెయింటెయినర్ గారికి స్వాగతం."

ఆడపడుచు వేసిన ఈలకి వీధిలో వెళ్ళేవాళ్ళు తిరిగి చూశారు. "నా కోడలు! నా కోడలండీ!" అని అత్తగారు గుమ్మంలో నిలబడి కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. టైలరమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

కొత్త విడుదల వచ్చింది. ప్యాకేజీ ఉంది. పక్కన ఆమె పేరుంది.

మళ్ళీగారి ప్రశ్న మాత్రం ఆగిపోయింది.

ఒకరోజు, రెండు రోజులు, వారం. ఆమెకి మనసు మనసులో లేదు. "ఆ రోజు నోరు జారాను, మన్నించండి," అని తనే రాసింది.

మర్నాడు జవాబొచ్చింది.

"నేను ఆయన కూతుర్నండీ. నాన్నకి మతిమరుపు జబ్బు. మీ సహాయం పేజీ అచ్చు తీసి గోడకి అంటించాను. ఇప్పుడు ఎవర్నీ అడక్కుండా చొక్కా మొత్తం తనే గీసేసి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నారు. అమ్మకి ఎడమ భుజం కిందికి ఉండేది. నాన్న అప్పట్లో గీసినవన్నీ ఆమె చొక్కాలే. మీరు విసుక్కున్న సంగతి ఆయనకి గుర్తులేదు, బెంగపడకండి. అమ్మ కోసం ఈ ప్రోగ్రాం రాసిన సూదిదారం తానేనన్న సంగతీ గుర్తులేదు."