ఇంటావిడ అభిప్రాయం

“పాతసామాన్లవాడికి తూకానికి వేసేస్తాను” అని ఆమె అనేసరికి షాపతను నెత్తి బాదుకున్నంత పని చేశాడు.

“తూకానికా? ఇదేమన్నా ఇస్త్రీపెట్టె అనుకున్నారా మేడమ్? ఆంప్లిఫయర్! ఇలాంటివి మా షాపులో ఇప్పటికి మూడే అమ్మాం. సార్ పోయారని తెలిసిన దగ్గర్నుంచి దీనికోసం నలుగురు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“అయితే వాళ్ళనే తీసుకుపొమ్మనండి. మధ్యాహ్నంలోగా ఇది నా గుమ్మం దాటాలి. ఎవరు పట్టుకెళ్ళినా నాకొకటే.”

ఆమె భర్త పోయి నెల దాటింది. ఆయన బట్టలు, చెప్పులు, కళ్ళజోళ్ళు అన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. హాల్లో ఆంప్లిఫయర్ ఒక్కటే మిగిలింది. ముప్ఫై కిలోల బరువు. ఒక్కతే జరపలేక, దానిమీద పాత దుప్పటి కప్పేసింది.

షాపతను ఆ దుప్పటి తీసి, జేబురుమాలుతో దుమ్ము తుడిచాడు. దాని వెనకవైపు వంగి, గోడకున్న స్పీకర్ల వైర్లు సరిచూశాడు.

“మా షాపు పేజీలో సార్ రాసిన అభిప్రాయం చదివారా మీరు? కొన్నవాళ్ళందరూ రాస్తారు. జనం వెతుక్కుని చదివేది మాత్రం సార్‌దే.” ఫోన్ తీసి గొంతు సవరించుకున్నాడు. “‘పదకొండేళ్ళు వాడాక చెబుతున్నాను. ఎంత పెంచినా పాట బొంగురుపోదు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. ఇది మోగుతుంటే ఇంట్లో ఇంకో శబ్దానికి చోటుండదు.’ ఎంత బాగా రాశారండీ!”

“బాగానే రాశారు. అబద్ధం ఒక్కటీ లేదు.”

“మీరూ ఒక ముక్క చెప్పండి మేడమ్. కొనడానికి మగవాళ్ళు ఉబలాటపడతారు, ఇంట్లో ఆడవాళ్ళు వద్దంటారు. బేరం అక్కడే చెడుతోంది. ఇంటావిడ కూడా బాగుందని అంటే...”

“ముందు పనిచేస్తోందో లేదో చూసుకోండి.”

అతను స్విచ్ వేసి, పాట పెట్టి, సౌండ్ సగందాకా పెంచాడు. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడింది.

“సార్ గుర్తొచ్చారా?” అన్నాడు జాలిగా.

“ఊఁ.”

పాట సగంలో ఉండగానే ఎవరో తలుపు తట్టారు. పక్కింటి మాస్టారు. బడినుంచి రిటైరై చాలా కాలమైంది, పాటంటే చెవి కోసుకునే మనిషి. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, కాళ్ళకి చెప్పులైనా లేకుండా వచ్చేశారు.

“నెల తర్వాత మళ్ళీ విన్నానమ్మాయ్! అమ్మేస్తున్నావా ఏమిటి? ఎవరికో ఎందుకు, నాకియ్యి.”

షాపతను సౌండ్ తగ్గించాడు. “దీని సంగతి మీకు తెలుసా సార్?”

“తెలుసా ఏమిటయ్యా! కొన్నది వాళ్ళాయన, విన్నది నేను. మధ్యన ఉన్నది నాలుగంగుళాల గోడేగా. సాయంత్రం ఆరింటికి ఆయన ఆఫీసునుంచి రావడం, ఇది మొదలవడం. వీణ తీగమీద గోరు రాసుకోవడం కూడా తెలిసేది. కావాలంటే నా అభిప్రాయం కూడా రాసుకో.”

షాపతని మొహం వెలిగిపోయింది. “చూశారా మేడమ్! ఇక మీరే మిగిలారు. ఒక్క వాక్యం చాలు.”

“రాసుకోండి.”

అతను ఫోన్‌మీద బొటనవేలు సిద్ధంగా పెట్టాడు.

“ఫుల్ సౌండ్ పెడితే, లోపల మనిషి ఎంత గొంతు చించుకున్నా గోడ అవతలికి వినపడదు. పదకొండేళ్ళు చూశాను.”

టైపు చేస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆమె ఎడమ చెయ్యి ముందుకి చాపింది. మోచేతి దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది.

“ఇది విరిగిన రోజు ఒకే పాట రెండుసార్లు వేశారు.”

షాపతను ఆంప్లిఫయర్ కట్టేశాడు.

“కొనేటప్పుడు సార్ ఒక్కటే అడిగారు మేడమ్,” అన్నాడు మెల్లగా. “దీన్ని ఫుల్‌గా పెడితే పక్కగదిలో మాటలు వినపడతాయా అని. సంగీతం పిచ్చి కాబోలు అనుకున్నాను.”

“అందరూ అదే అనుకున్నారు. తాగుడు లేదు, పేకాట లేదు, పాటలు తప్ప ఇంకో పిచ్చి లేదు, అదృష్టవంతురాలివి అనేవాళ్ళు మా చుట్టాలు.”

మాస్టారు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆయనవైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

“మీరు బాధపడకండి బాబాయిగారూ. మీమీద నాకేం లేదు. గోడ పక్కనే పెద్దమనిషి ఉన్నారు, వినపడితే పరిగెత్తుకొస్తారు అనుకునేదాన్ని. రాలేదంటే వినపడలేదనే కదా. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాటే చెప్పుకుని బతికాను. జనం చెడ్డవాళ్ళు కాదు, పాపం వాళ్ళకి వినపడటం లేదంతే అని.”

“అమ్మాయ్...”

“పట్టుకెళ్ళండి. మీకు ఊరికే ఇస్తాను. మీ ఇంట్లో ఉత్త పాటలే పాడుతుంది.”

షాపతను వైర్లు ఊడదీయబోయాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె మొహం చూడలేక, నేలమీద చూపు పెట్టి అన్నారు.

“వినపడేదమ్మా. నీ ఏడుపు పాటకి అడ్డొచ్చినప్పుడల్లా మీ ఆయనకి ఫోన్ చేసి, సౌండ్ ఇంకాస్త పెంచమన్నది నేనే.”