వెనింగక్క ముసలి లైబ్రరీ

"వెనింగక్కా, నీ ముసలి కోడ్ లైబ్రరీ తీసేసి నేను రాసింది పెట్టి మూడు వారాలైంది. మన ఫెర్రీ టికెట్ల ప్రోగ్రాం ఒక్కసారైనా మొరాయించిందా?"

ఆ సంబరంలో హెండ్రో ఆఫీసంతటికీ వేడి వేడి మార్తబాక్ అట్లు తెప్పించాడు.

"లేదురా, గుర్రంలా పరిగెడుతోంది," అంటూ వెనింగ్ ఓ ముక్క నోట్లో వేసుకుంది. నడుస్తున్న ప్రోగ్రాం ఏయే లైబ్రరీలు వాడుతోందో కంప్యూటర్లో జాబితా తెరిచింది.

హెండ్రోది లేదు. వెనింగ్‌ది ఉంది, పక్కన 'డిలీటెడ్' అని.

"ఫైలు మార్చావు సరే, ప్రోగ్రాంని ఆపి మళ్లీ మొదలుపెట్టావా?"

హెండ్రో నమలడం ఆపేశాడు.

"అంటే ఫైలు చెరిపేసినా, మెమరీలో ఇంకా నా ముసలిదే పరిగెడుతోంది. ఈ పార్టీ నాకన్నమాట! ఇప్పుడు రీస్టార్ట్ చేద్దామా?"

హెండ్రో మార్తబాక్ పెట్టె ఆమె ముందుకు జరిపాడు.

"ఇంకో ముక్క తినక్కా... తొందరేముంది?"