పిల్ల ఒక్కతే చాలు

“తల్లిని తీసెయ్ చెల్లెమ్మా. పిల్ల ఒక్కతే చాలు. పిల్ల దొరికితే తల్లీ దొరుకుతుంది.”

అతను కౌంటరు మీదుగా వంగి దాదాపు కంప్యూటర్లోకి దూరిపోయాడు. గడ్డం మాసింది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఫొటో స్టూడియో ఆవిడ రేడియో గొంతు ఇంకాస్త పెంచి, అతనిచ్చిన మెమరీ కార్డులోని ఫొటో తెరిచింది. తల్లీ కూతురూ బుగ్గకి బుగ్గ ఆనించి నవ్వుతున్నారు. తల్లి చేతికి కట్టు ఉంది.

“మెట్ల మీద పడింది,” అన్నాడు అతను, అడక్కుండానే. “ఆ రేడియో ఆపరాదూ! ఇక్కడ నా ప్రాణం పోతుంటే పాటలొకటి.”

“అది లేకపోతే నాకు పని సాగదండీ. వేరే ఫొటో లేదా? ఇందులో ఇద్దరూ అతుక్కుపోయారు.”

“ఉంటే నీ కాళ్ళావేళ్ళా ఎందుకు పడతాను? ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకుపోయింది. నా ఫోన్లోవీ చెరిపేసింది. మా అక్క పాత ఫోన్లో ఇదొక్కటే మిగిలింది. తలుపుకి బయట తాళం వేసి మరీ పనికెళ్ళాను, ఎలా పోయారో దేవుడికే తెలియాలి.” అతను కళ్ళు తుడుచుకున్నాడు. “సాయంత్రానికల్లా బస్టాండు నిండా పోస్టర్లు అంటించాలి. వాళ్ళు లేకపోతే నేను బతకలేనమ్మా.”

చుట్టుపక్కల పెళ్ళిఫొటోల్లో మొటిమలూ ముడతలూ మాయం చేసింది ఆవిడ చెయ్యే. ఎంత గుంపులోంచయినా ఒక్క మనిషిని వెంట్రుక చెదరకుండా విడదీయగలదు. అలాంటిది ఇవాళ మౌసు మాటిమాటికీ పక్కకి జారిపోతోంది. పాపం, ఆవిడా మనిషేగా! పాప చుట్టూ గడి గీసింది. అంచు లోపలికి జరిపింది. మళ్ళీ జరిపింది. తల్లి పోయింది. తల్లి బుగ్గతోపాటు పాప ముఖంలో సగమూ పోయింది.

“ఏయ్, కన్ను పోయింది చూడు! వెనక్కి తీసుకురా!”

“ఉండండి, ఉండండి...” ఆవిడ కంగారుగా సేవ్ కొట్టి, ఫొటో మూసేసి, మళ్ళీ తెరిచింది. తెర మీద ఒక చెవి, ఒక జడ, సగం నవ్వు మిగిలాయి.

“మొత్తం ఫొటో ఏది?”

“అయ్యో! పాతదాని మీదే సేవ్ అయిపోయిందండీ. ముందు కాపీ తీసుకోవడం మరిచాను. నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది!”

అతను కౌంటరు మీద గుద్దాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత అక్కడే కూలబడి, చూసేవాళ్ళ కడుపు తరుక్కుపోయేలా ఏడ్చాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, “క్షమించు అన్నయ్యా” అంది. అతని ముఖంలోకి మాత్రం చూడలేకపోయింది.

“పని రానిదానివి ఈ కుర్చీలో ఎందుకు కూచున్నావే! నా కొంప ముంచావు” అంటూ కార్డు లాక్కుని వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. షట్టరు సగం దించింది. రేడియో ఆపింది. ఫొటోలు దిగే లోపలి గది దగ్గరికెళ్ళి పరదా పక్కకి జరిపింది.

“వెళ్ళిపోయాడు, పాప నోటి మీంచి చెయ్యి తియ్యమ్మా.”